ఆగిన బంతి

ఆటలో గోలు చేసినవాని పేరు పట్టికకు ఎక్కుతుంది. కాబోయే గోలును ఆపినవాని పేరు ఎక్కడికి ఎక్కుతుంది? ఈ ప్రశ్న నాకు పన్నెండేళ్ల వయసులోనే ఎదురైంది. సమాధానం మాత్రం నలభై ఏళ్ల తరువాత, ఒక డిసెంబరు రాత్రి, మా అన్నయ్య పక్కన కూర్చొని ఫుట్‌బాల్ ఆట చూస్తున్నప్పుడు దొరికింది.

మా అన్నయ్య నాకంటే ఆరేళ్లు పెద్ద. డిగ్రీ చదివే రోజుల్లో కళాశాల జట్టుకు గోల్‌కీపర్. మా ఊరి మైదానంలో గడ్డి ఉండేది కాదు. అంతా ఎర్రమట్టి, అక్కడక్కడ గులకరాళ్లు. ఆ నేలమీద ఎగిరి దూకిన ప్రతిసారీ అతని మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోయేవి. సాయంత్రం అమ్మ ఆ గాయాలకు పసుపు అద్దుతూ, “అందరూ బంతి వెంట పరుగెడుతుంటే నువ్వొక్కడివే నేలమీద పడతావెందుకురా?” అని అడిగేది. అన్నయ్య నవ్వి ఊరుకొనేవాడు.

1982లో కళాశాలల మధ్య జరిగిన పోటీలలో మా ఊరి జట్టు తుది పోటీకి చేరింది. గోలు వెనుక ఒక చింతచెట్టు ఉండేది. దాని కింద నిలబడి, బయటకు పోయిన బంతులను తెచ్చి ఇవ్వడం నా పని. ఆ రోజు ఎదుటి జట్టు బలమైనది. ఆట ఎక్కువసేపు మా గోలు ముందే సాగింది. అన్నయ్య ఒకదాని తరువాత ఒకటి బంతులను ఆపుతున్నాడు. ఆపిన ప్రతిసారీ నేను నేలమీది చింతపిక్క ఒకటి తీసి చొక్కా జేబులో వేసుకొన్నాను. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు ఒక మామూలు బంతి, ఎవరైనా పట్టగలిగినంత తేలికైన బంతి, అతని చేతుల మధ్యనుండి జారి గోలులోకి దొర్లింది. మా జట్టు ఓడిపోయింది.

మరునాటినుండి ఊళ్లో ఎక్కడ చూసినా అదే మాట. టీ దుకాణం వద్ద ఒకరు, “ఆ రోజు చేతులకు ఆముదం రాసుకొని వెళ్లాడు” అన్నారు. ఆ మాట ఊరంతా తిరిగింది. అన్నయ్య ఎవరికీ బదులు చెప్పలేదు. ఆ తరువాత మళ్లీ గోలు ముందు నిలబడనూ లేదు. చదువు, ఉద్యోగం, సంసారం వరుసగా వచ్చాయి. ఫుట్‌బాల్ అన్న మాట మా ఇంట్లో వినబడకుండా పోయింది. నా జేబులోని చింతపిక్కల సంగతి అతనికి చెప్పే ధైర్యం నాకు కలుగలేదు.

2022 డిసెంబరులో అన్నయ్య మా ఇంటికి వచ్చి నాలుగు రోజులున్నాడు. 18వ తేదీ రాత్రి ఖతార్ దేశంలోని లుసైల్ మైదానంలో ప్రపంచ కప్పు తుది పోటీ. అర్జెంటీనా, ఫ్రాన్స్ జట్లు తలపడుతున్నాయి. మా అబ్బాయి అర్జెంటీనా అభిమాని. “పెదనాన్నా, నువ్వూ కూర్చో” అని చేయి పట్టుకొని లాగాడు. అన్నయ్య కాదనలేక కూర్చొన్నాడు.

ఆ ఆటను చూసినవారెవరూ మరువలేరు. మొదటి భాగంలోనే మెస్సి, డి మారియా చెరొక గోలు చేశారు. ఎనభైవ నిమిషం దాకా అర్జెంటీనా విజయం ఖాయమనే అనిపించింది. అంతలో ఫ్రాన్స్ యువకుడు ఎంబాపె రెండు నిమిషాల వ్యవధిలో రెండు గోల్స్ చేసి ఆటను తలకిందులు చేశాడు. అదనపు సమయంలో మెస్సి మరొక గోలు చేశాడు. ఎంబాపె పెనాల్టీతో దానినీ సమం చేశాడు. మూడు మూడు. గడియారం నూట ఇరవై నిమిషాలు దాటింది. మన దేశంలో రాత్రి పదకొండు దాటింది. ఇక కొన్ని క్షణాలే మిగిలాయి.

అప్పుడు ఫ్రాన్స్ వైపునుండి ఒక పొడవాటి బంతి గాలిలో వచ్చింది. అర్జెంటీనా రక్షణ శ్రేణిలోని ఒటమెండికి అది అందలేదు. అతని వెనుకనున్న రాండల్ కోలో మువానీకి చిక్కింది. అతని ఎదుట ఒకే ఒక్క మనిషి, గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్. నేలకు తగిలి లేచిన బంతిని మువానీ బలంగా తన్నాడు. మార్టినెజ్ ముందుకు వచ్చి, రెండు చేతులూ చాచి, ఎడమకాలిని వీలైనంత దూరం పక్కకు సాచాడు. బంతి ఆ కాలికి తగిలి బయటకు ఎగిరిపోయింది.

మా అబ్బాయి ఎగిరి గంతేశాడు. అన్నయ్య మాత్రం కదలలేదు. అతని ఎడమకాలు కుర్చీ కిందనుండి పక్కకు చాచుకొని ఉంది! తనకు తెలియకుండానే చాచాడు. నలభై ఏళ్లుగా నిద్రపోయిన గోల్‌కీపర్ ఆ క్షణాన మేలుకొన్నాడని నాకు అర్థమైంది.

ఆ బంతి లోపలికి పోయి ఉంటే ఆట అక్కడితో ముగిసేది. అంతకు ముందు మెస్సి చేసిన గోల్స్ అన్నీ వృథా అయ్యేవి. ఆగింది కనుక పోటీ పెనాల్టీ షూటౌట్‌కు చేరింది. అక్కడ కూడా కోమన్ తన్నిన బంతిని మార్టినెజ్ ఆపాడు. చువమేని గురి తప్పాడు. చివరకు మోంటియెల్ గోలు చేయడంతో అర్జెంటీనా 4-2తో గెలిచింది. 1986 తరువాత, ముప్పైయారేళ్లకు ఆ దేశానికి మళ్లీ ప్రపంచ కప్పు దక్కింది.

ఆట ముగిసిన తరువాత మా అబ్బాయి తన ఫోనులో ఆ ఒక్క ఘట్టాన్నే పదే పదే చూడసాగాడు. “అదృష్టం పెదనాన్నా, బంతి కాలికి తగిలింది” అన్నాడు. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. ఫోను దీపం వెలిగించమని చెప్పి, గదిలోని దీపం ఆర్పించాడు. వెలుతురు గోడమీద పడేటట్లు ఫోనును పట్టించి, తన అరచేతిని గోడకు దగ్గరగా పెట్టాడు. చిన్న నీడ పడింది. చేతిని మెల్లగా దీపం వైపు జరిపాడు. నీడ పెరిగి పెరిగి గోడనంతా కప్పింది.

“దీపమే బంతి అనుకో, గోడ గోలు అనుకో. గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. గీతమీద నిలబడినవాడు అంత స్థలాన్ని కాపాడలేడు. బంతికి ఎదురు వెళ్తే అదే మనిషి గోలును చాలావరకు కప్పేస్తాడు. కానీ తొందరపడి ముందే నేలమీద పడితే బంతి పైనుండి పోతుంది. చివరి క్షణం దాకా నిలబడాలి. అందరికీ భయం వేసే చోటే నిలబడాలి. బంతి అతని కాలికి తగల్లేదురా, బంతి వచ్చే చోటికి అతడే కాలిని పంపాడు” అన్నాడు.

నలభై ఏళ్లలో అన్నయ్య ఫుట్‌బాల్ గురించి అన్ని మాటలు మాట్లాడగా వినడం అదే మొదలు.

ఆ తరువాత నేను మార్టినెజ్ జీవితం గురించి చదివాను. అతడు అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటా అనే రేవు పట్టణంలో 1992లో పుట్టాడు. తల్లిదండ్రులు రెక్కాడితే గాని డొక్కాడనివారు. పదిహేడేళ్ల వయసులో భాష రాని ఇంగ్లండుకు, ఆర్సెనల్ జట్టుకు వెళ్లాడు. అక్కడ పదేళ్లు గడిపినా అతనికి నిలకడైన స్థానం దక్కలేదు. ఒకటి కాదు, రెండు కాదు, ఆరు జట్లకు అతనిని అరువుగా పంపారు. 2020లో ప్రధాన గోల్‌కీపర్ గాయపడినప్పుడు గాని అతనికి అసలైన అవకాశం రాలేదు. 2021లో, ఇరవైయెనిమిదేళ్ల వయసులో మొదటిసారి దేశం తరఫున ఆడాడు. పదేళ్లు బయట బల్లమీద కూర్చొని ఎదురుచూసిన ఓర్పే ఆ రాత్రి ఒక కాలుగా మారి బంతికి అడ్డుపడిందని నాకనిపించింది. అయితే ఉత్తమ గోల్‌కీపర్ బహుమతి అందుకొన్నప్పుడు వేదికపై అతడు చేసిన వెకిలి చేష్ట విమర్శలకు గురైంది. అది తగినదేనని నేను అనను. అయినా ఆ చేష్ట వల్ల అంతకుముందు ఆగిన బంతి విలువ తగ్గదు.

అభిమానులు ఆ ఘట్టాన్ని మరువలేదు. కాలు చాచిన మార్టినెజ్ రూపాన్ని అర్జెంటీనాలో ఎందరో తమ ఒంటిమీద పచ్చబొట్టుగా పొడిపించుకొన్నారు. గోలు చేసిన దృశ్యాన్ని కాదు, గోలు కాని దృశ్యాన్ని! 2023 జూలైలో అతడు కలకత్తాకు వచ్చినప్పుడు, అర్జెంటీనాను కన్నులారా చూడని బెంగాలీ యువకులు సైతం అతనిని చూడడానికి గుమిగూడారు.

ఇటువంటి జ్ఞాపకం కొత్తది కాదు. 1970 జూన్ 7న మెక్సికోలోని గ్వాదలహారాలో బ్రెజిల్ వీరుడు పేలే తలతో కొట్టిన బంతిని ఇంగ్లండు గోల్‌కీపర్ గోర్డన్ బ్యాంక్స్ ఒక మూలకు దూకి, గోలు పైకమ్మీ మీదుగా బయటకు నెట్టాడు. ఆ ఆటలో గెలిచింది బ్రెజిలే. అయినా ఆనాటి గోలుకంటె ఆనాడు ఆగిన బంతినే లోకం ఎక్కువగా తలచుకొంటున్నది.

మన సంగతి చూద్దాం. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో భారత జట్టు దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి స్వర్ణపతకం సాధించింది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు హైదరాబాదీయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం. గోల్స్ చేసిన పి.కె. బెనర్జీ, జర్నయిల్ సింగ్ పేర్లు చరిత్రలో నిలిచాయి. ఆ రోజు గోలు ముందు కావలి నిలిచిన పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాదులో పుట్టినవాడే. ఆ విషయం మనలో ఎందరికి తెలుసు?

మళ్లీ ఆ రాత్రి దగ్గరకు వస్తాను. మా అబ్బాయి నిద్రకు వెళ్లిన తరువాత అన్నయ్య చాలాసేపు మౌనంగా కూర్చొన్నాడు. గెలిచిన మార్టినెజ్ గురించి మాట్లాడతాడని అనుకొన్నాను. “ఆ ఫ్రాన్స్ కుర్రవాడు ఈ రాత్రి నిద్రపోతాడంటావా?” అన్నాడు. నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆ క్షణం జీవితాంతం తనను వెన్నాడుతుందని మువానీ తరువాతి రోజుల్లో తానే చెప్పుకొన్నాడు. “అయినా చూశావా, అంత జరిగిన కొద్ది నిమిషాలకే పెనాల్టీ తన్నడానికి తానే ముందుకు వచ్చాడు, గోలు చేశాడు. నేను ఆ పని చేయలేకపోయాను. మళ్లీ మైదానానికే పోలేదు” అన్నాడు అన్నయ్య.

అప్పుడు నా నోట ఒకే మాట వచ్చింది. “ఎనిమిది.”

“ఏమిటి ఎనిమిది?”

“ఆ రోజు నీవు ఆపిన బంతులు అన్నయ్యా. చింతపిక్కలతో లెక్కపెట్టాను.”

అతడు నా వైపు వింతగా చూశాడు. నేను ఒక్కొక్కటే చెప్పసాగాను. మొదటిది పిడికిలితో గుద్ది పంపినది. రెండవది పొట్టకు హత్తుకొన్నది. మూడవది నేను ముళ్లకంపలోనుండి తీసి తెచ్చినది. నాలుగవది చెప్పబోతుండగా అతడే అందుకొన్నాడు. “అది వేలికొసలకు తగిలింది. ఈ చిటికెన వేలు అప్పుడే బెణికింది” అని చేయి చూపించాడు. ఆ వేలు ఇప్పటికీ కొద్దిగా వంకరగానే ఉంది. మిగిలిన నాలుగింటినీ ఇద్దరం కలిసి చెప్పుకొన్నాం. జారిపోయిన ఆ తొమ్మిదవ బంతి వద్దకు వచ్చేసరికి నేను ఆగిపోయాను. అన్నయ్య ఆగలేదు. “అది నా తప్పే. ఎండ కళ్లలో పడిందని అప్పుడు చెప్పవచ్చు. కాని పడలేదు. గెలుపు గురించి ఆలోచిస్తున్నాను, బంతిని చూడలేదు” అన్నాడు. నలభై ఏళ్ల బరువు దిగిన మనిషిలా కనిపించాడు.

నా జీవితమంతా కావ్యాలు చదువుతూ, చెబుతూ గడిచింది. రామాయణంలో జటాయువు సీతను కాపాడలేకపోయాడు. రెక్కలు తెగి నేలకూలాడు. లోకం దృష్టిలో అది ఓటమి. అయినా ఆదికవి ఆ పక్షిని చిన్నచూపు చూడలేదు. సాక్షాత్తు శ్రీరాముని చేత దానికి దహన సంస్కారం చేయించాడు. అడ్డుగా నిలబడడమే గొప్ప అని, ఫలితం తరువాతి మాట అని ఆ ఘట్టం మనకు చెబుతున్నది. ఈ ఘట్టాన్ని ఎన్నో ఏళ్లు తరగతిలో బోధించాను. మా అన్నయ్యకు అది వర్తిస్తుందని మాత్రం ఆ రాత్రి వరకు నాకు తోచలేదు.

జరిగినదానికి లెక్క ఉంటుంది, జరగకుండా ఆగినదానికి ఉండదు. సరిహద్దులో సైనికుడు, వరదవేళ చెరువుకట్టమీద కాపలా ఉన్న రైతు, రోగి పక్కన రాత్రంతా మేలుకొన్న నర్సు ఆపిన ఆపదలు ఏ పట్టికలోనూ కనబడవు. వాటికి ఉన్న పట్టిక చూసినవారి జ్ఞాపకం ఒక్కటే. అభిమానులు ఒక ఘట్టాన్ని వందసార్లు చెప్పుకొంటే అది కాలక్షేపమని తేలికగా తీసివేయకూడదు. పట్టికకు ఎక్కని పేరును వారు తమ మాటలతో నిలబెడుతున్నారు.

నేను ఆ మాట చెప్పడానికి నలభై ఏళ్లు ఆలస్యం చేశాను. మీరు చేయకండి. మీ కళ్ల ముందు ఎవరైనా ఒక బంతిని ఆపితే, ఆ సాయంత్రమే వారికి చెప్పండి.