పాత పికప్‌కు కొత్త వైరింగ్: మా ఇంటి లెక్క

ఇంజను పనికి ఖర్చు ఒక్కసారిగా కనిపిస్తుంది. మెకానిక్ ఎస్టిమేటు రాసిస్తాడు, ఆ అంకె చూసి ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచిస్తారు. వైరింగ్ అలా కాదు. ఫ్యూజుకు ఇరవై, హోల్డరుకు నూట ఇరవై, చూసినందుకు ఎలక్ట్రీషియన్‌కు మూడొందలు. నాలుగు రోజులు గడవగానే ఇండికేటరు పనిచేయదు, మళ్లీ రెండొందలు. వీటిలో ఏ బిల్లూ ఆగి ఆలోచించేంత పెద్దది కాదు. పాత బండి ఉన్న ఇళ్లలో డబ్బు ఎక్కువగా ఇక్కడే కారిపోతుందని నా నమ్మకం. 2025 వేసవిలో మా పికప్‌కు వైరింగ్ మార్పించేముందు నేను వేసుకున్న లెక్కలు రాస్తున్నాను.

మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. బండి 2014 మోడల్ డీజిల్ పికప్, 2018లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మామిడి, కొబ్బరి, పూల మొక్కలు వేసుకుని హైవే మీద ఇటు విజయవాడ, అటు విశాఖ దాకా తిరుగుతుంది. మొక్కల లోడుకు మిగతా సరుకులకు లేని ఇబ్బంది ఒకటుంది. దారిలో వాడిపోకుండా ఎక్కించేముందు సంచులు తడిసేలా నీళ్లు పెడతాం. ఆ నీళ్లు బాడీ పలకల సందుల్లోంచి చాసిస్ మీదికి, అక్కడ కట్టిన వైర్ల మీదికి దిగుతాయి. అవి వట్టి నీళ్లు కావు. ఎరువు కరిగి ఉంటుంది, ఉప్పులుంటాయి. రాగికి, ఇనుముకు అంతకంటే చేటు చేసేది లేదు. కప్లరు ఊడదీస్తే పచ్చటి పొడి రాలేది. వైరు పైతొడుగు బాగానే ఉన్నా లోపలి రాగి పోగులు జానెడు దూరం దాకా నల్లబడి ఉండేవి. దానికి తోడు కొబ్బరి పీచు బస్తాల్లో కాపురముండే ఎలుకలు. ముందు యజమాని బ్యాటరీ నుంచి నేరుగా లాగిన ఫాగ్ లైట్ల తీగలు, పాటల సిస్టం తీగలు కూడా ఉన్నాయి.

బండి మొండికేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెప్పే మాట బ్యాటరీ మార్చమనే. 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అప్పట్లో మా దగ్గర ఏడు వేలు దాటేది. దానికి పూనుకునేముందు ఊళ్లో పెద్ద ఎలక్ట్రీషియన్ ఒకాయన దగ్గరికి వెళ్లాను. వయసు మళ్లిన మనిషి, మాట తక్కువ. "బ్యాటరీ సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఎర్తు ఎలా ఉందో మీటరు పెట్టి చూడనివ్వండి," అన్నాడు. ఆ పరీక్షకు ఆయన తీసుకున్నది రెండు వందల యాభై. ఈ వ్యవహారం మొత్తంలో అంత గిట్టుబాటైన ఖర్చు ఇంకొకటి లేదు.

బండిలో దీపానికి వెళ్లే వైరు మనకు కనిపిస్తుంది. తిరుగు దారి ఇనుమే. బ్యాటరీ మైనస్‌ను చాసిస్‌కు, ఇంజనుకు బిగిస్తారు. ప్రతి బల్బులోంచి, ప్రతి మోటారులోంచి కరెంటు ఆ ఇనుము గుండానే వెనక్కి రావాలి. ఆ బోల్టు కింద తుప్పు పడితే బ్యాటరీ ఎంత కొత్తదైనా ఒకటే. కాలువ మొదట్లో నీళ్లు నిండుగా ఉన్నా నడుమ పూడిక ఉంటే శివారు పొలానికి అందవు కదా, ఇదీ అంతే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కూ ఇంజను ఇనుముకూ మధ్య మీటరు పెడితే తేడా 1.4 వోల్టులు వచ్చింది. అర వోల్టు కూడా ఉండకూడని చోట అది. ఎర్తు కేబుల్ అంత పాడైనప్పుడు సెల్ఫ్ మోటారుకు కావలసిన వందల ఆంపియర్లు యాక్సిలరేటర్ కేబుల్ లాంటి సన్నని దారులు కూడా వెతుక్కుంటాయట, అవి వేడెక్కి పాడైపోతాయట. మా బండి యాక్సిలరేటర్ కేబుల్ ఊరికే బిగుసుకుపోవడానికి కారణం అప్పుడు తెలిసింది.

తర్వాత హెడ్‌లైట్లు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులుంటే బల్బు దగ్గర 11.3 మాత్రమే ఉంది. వోల్టేజీ తగ్గింది ఐదో వంతు లోపే. అయితే హేలోజన్ బల్బు వెలుగు వోల్టేజీకంటే చాలా వేగంగా పడిపోతుంది. ఆ తేడాకే వెలుగు సగమైపోతుంది. దీపాలు మసకగా ఉన్నాయని 100 వాట్ల బల్బులు వేయించుకునేవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. నిబంధనలకు తగిన బల్బు 60/55 వాట్లది. సన్నబడ్డ వైరులో అంత కరెంటు గుంజితే హోల్డరు కరుగుతుంది, స్విచ్చు మాడుతుంది. బల్బుకు పెట్టే డబ్బు వైరుకు పెట్టాలి.

చివరగా తాళం తీసేసి చూస్తే బ్యాటరీలోంచి 0.4 ఆంపియరు ఊరికే పోతోంది. చిన్న అంకెలా ఉంటుంది. రోజుకు దాదాపు పది ఆంపియర్ అవర్లన్నమాట. బండి మూడు రోజులు కదలకపోతే బ్యాటరీలో మూడో వంతుకు పైగా ఖాళీ. కొత్త బ్యాటరీ కొన్నా దాని గతీ అదే అయ్యేది.

ఇక డబ్బు లెక్క. మా ఇంట్లో బండి డైరీ మా ఆవిడ చేతిలో ఉంటుంది. ముందరి ఏడాది ఎలక్ట్రికల్ అని రాసిన చిల్లర బిల్లులన్నీ కూడితే 8,900 రూపాయలు తేలింది. విశాఖ వెళ్తూ అన్నవరం దాటాక బండి ఆగిపోయినప్పుడు వేరే బండి పిలిచి లోడు మార్చినందుకు 5,500. ఎండలో వాడిపోయిన మొక్కలకు ఖాతాదారుకు తగ్గించి ఇచ్చినది 3,200. మొత్తం 17,600. ఇంత ఖర్చయ్యాక కూడా బండి ఖర్చుకు ముందున్న స్థితిలోనే ఉంది. రిపేరు ఖరీదును దేనితో పోల్చాలన్నదే అసలు ప్రశ్న అని నాకు అనిపించింది. రిపేరు ఖరీదును బండి ఖరీదుతో పోల్చి చూస్తారు చాలామంది, రెండు లక్షల బండికి ఇరవై వేల వైరింగా అంటారు. ఆ పోలికతో దారి తెలియదు. బండి ఒక రోజు ఆగితే ఎంత పోతుంది, ఏడాదికి ఎన్నిసార్లు ఆగేలా ఉంది, ఈ రెండింటితో పోల్చాలి.

నా ముందున్న దారుల్లో మొదటిది ఉన్నచోట ఉన్నట్టు అతుకులు వేయించుకుంటూ పోవడం. తప్పు ఒకే చోట ఉండి కారణం తెలిసినప్పుడు అదే సరైన పని. ఎలుక కొరికిన ఒక్క వైరు కోసం వైరింగ్ కిట్టంతా మార్పించడం దండగ. మా బండిలో ఈ వారం బ్రేకు లైటు, వచ్చే వారం గేజీ, ఆపై వారం సెల్ఫ్. తప్పు చోటు మారుతూ ఉంటే జబ్బు మొత్తం వైరింగ్‌దని అర్థం.

రెండోది, దీన్ని అమ్మి కొత్తది కొనడం. మా అబ్బాయి మొగ్గింది ఇటే. ఉన్న స్థితిలో బండికి 1,80,000 ఇస్తామన్నారు. కొత్త పికప్ రోడ్డెక్కేసరికి పది లక్షలు అనుకున్నాం. ఆ డబ్బుకు మరికొంత కలిపి మూడు లక్షలు ముందు కట్టినా ఏడు లక్షల అప్పు మిగులుతుంది. 11 శాతం వడ్డీకి ఐదేళ్లంటే నెలకు 15,220 వాయిదా, వడ్డీయే 2,13,000 పైన. మా ఆవిడ ఒకే మాటంది: "ఏవండీ, మొక్కలు అమ్మడం నాలుగు నెలలే జోరు. వాయిదా పన్నెండు నెలలూ వస్తుంది." నాకు ఆ మాటతోనే తేలిపోయింది. పని అయ్యాక, 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గినప్పుడు మళ్లీ కూర్చుని లెక్క వేశాను. ధర ముప్పావు లక్ష తగ్గిందనుకున్నా వాయిదాలో తగ్గేది పదహారు వందల చిల్లర. నిర్ణయం మారే తేడా కాదది.

మూడోది మేము ఎంచుకున్నది. ఇంజను గదిలోదీ, చాసిస్ పొడుగునా పోయేదీ మొత్తం కొత్త వైరింగ్. డాష్‌బోర్డు లోపలి కిట్టు పొడిగా, మెత్తగా ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. అదీ మార్చాలంటే మరో పదివేలు పైగా అయ్యేది. ఖర్చు ఇలా వచ్చింది: వైరింగ్ కిట్ 9,800, బ్యాటరీ, ఎర్తు కేబుళ్లు 1,900, రిలేలు, ఫ్యూజు బాక్సు, కప్లర్లు 2,300, స్లీవులు, థింబుళ్లు, టేపు 900, వెనక లైట్లు 1,200, మజూరీ 5,500. కలిపి 21,600. కొత్త బండికి ఒకటిన్నర వాయిదా కూడా కాదు. ఈ బండిని ఇంకో నాలుగేళ్లు తిప్పాలన్నది మా ఉద్దేశం. ఆ లెక్కన నెలకు 450 పడుతుంది.

ఈ ఖర్చు బండి అమ్మకపు ధరను పెంచదని కూడా తెలిసే పెట్టాను. కొనేవాడు టైర్లు చూస్తాడు, ఇంజను పొగ చూస్తాడు, వైరింగ్‌కు అదనంగా పైసా ఇవ్వడు. ఏడాదిలోపు అమ్మేద్దామనుకునేవాళ్లు ఇంత పెట్టనక్కర్లేదు. చాసిస్ తుప్పుపట్టినా, ఇంజను పని ముంచుకొస్తున్నా వద్దే వద్దు.

డబ్బు ఎక్కడి నుంచి తెచ్చామన్నది అంతే ముఖ్యమైన సంగతి. బండి కొన్నప్పటి నుంచి కిలోమీటరుకు రూపాయిన్నర చొప్పున వేరే పొదుపు ఖాతాలో వేస్తున్నాం. మీటరు చూసి నెలాఖరున వేసేయడమే, ఆ నెల లాభమొచ్చిందా లేదా అన్నది చూడం. టైర్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, అన్నీ అందులోంచే. అది లేకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తేవాల్సి వచ్చేది, అంటే ఏడాదికి 24 శాతం. రిపేరు చవకా కాదా అన్నది సగం ఆ డబ్బు ఎలాంటిదన్న దాన్ని బట్టే తేలుతుంది.

ఇన్సూరెన్సు వస్తుందేమో అని నన్ను అడిగినవాళ్లున్నారు. మామూలు మోటారు పాలసీలో ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల మినహాయింపుల్లో ఉంటాయి. షార్టయి బండి కాలితే ఓన్ డ్యామేజి ఉన్నవాళ్లకు క్లెయిము ఉంటుంది. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టేవాళ్లకు అదీ ఉండదు, పాత బండ్లలో ఎక్కువమంది కట్టేది అదే. పన్ను వైపు నుంచీ నాకు ఆసరా లేదు. నర్సరీలో పెంచిన మొక్కల ఆదాయాన్ని చట్టం వ్యవసాయ ఆదాయంగానే చూస్తుంది కాబట్టి ఖర్చు చూపి తగ్గించుకునే పన్నే లేదు. బండిని కిరాయికి తిప్పుతూ, అప్పుడు అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏఈ పద్ధతిలో నెలకు, బండికి 7,500 ఆదాయం చూపినవాళ్లకు కూడా రిపేరు ఖర్చు విడిగా తీసే వీలు ఉండేది కాదు. ప్రతి రూపాయీ జేబులోదే అనుకుని లెక్క వేసుకోవాలి.

పని చేయించిన తీరు గురించి కొంచెం చెప్పాలి. వానలు మొదలైతే నర్సరీలకు తీరిక ఉండదు. అందుకే పని మే నెలలో పెట్టించాను, బండి నిలబడినా పోయిన బేరం లేదు. సరుకు నేనే బిల్లుతో కొన్నాను, మజూరీ రోజుకింత అని కాకుండా పని మొత్తానికి మాట్లాడుకున్నాను. వైరు కొనేటప్పుడు పోగు ఒకటి తీసి బ్లేడుతో గీరి చూడండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా వస్తే అది రాగిపూత పూసిన అల్యూమినియం. చవకగా వస్తుంది, కరెంటు మోసే శక్తి తక్కువ, కుదుపులకు తెగుతుంది. ఇళ్లకు వాడే వైరూ వద్దు, ఇంజను వేడికి దాని తొడుగు నిలవదు. హెడ్‌లైట్లకు రిలేలు పెట్టించాం, స్విచ్చు మీద భారం పోయింది. ఏ ఫ్యూజు దేనిదో కాగితం మీద రాయించి గ్లవ్ బాక్సులో పెట్టాం. చాసిస్ వైరును బాడీ నీళ్లు పడని వైపు ఎత్తుగా, స్లీవులో కట్టించాం. పాత కిట్టు మనకే ఇమ్మని ముందే చెప్పుకోవాలి, అందులో రాగి ఉంది, తూకానికి పోతుంది.

పని అయ్యాక మీటరు మళ్లీ పెట్టించాను. బల్బు దగ్గర 13.4 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎర్తు తేడా 0.2. తాళం తీశాక కారుతున్నది 0.02 ఆంపియరు. ఈ అంకెలు చూశాకే మజూరీలో చివరి రెండు వేలు ఇచ్చాను. పాత బ్యాటరీయే ఈ రోజుకీ బండిలో ఉంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్షలో లైట్ల దగ్గర పేచీ రాలేదు.

మీ బండి పదేళ్లు దాటి ఉంటే, ఈసారి సెల్ఫ్ మొరాయించగానే బ్యాటరీ కొనకండి. ముందు మీటరున్న ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు, బల్బు దగ్గరి వోల్టేజీ, తాళం తీశాక కారే కరెంటు, ఈ మూడూ కొలిపించి డైరీలో రాసుకోండి. ఏడాది చిల్లర బిల్లులు ఆ పక్కనే కూడి చూడండి.