ఒక్క లోడు, రెండు మెసేజ్‌లు

మిర్యాలగూడలో మా మామయ్యగారికి రైస్ మిల్లు ఉంది. సాగర్ ఎడమ కాల్వ కింద కోతలు మొదలయ్యాయంటే మిల్లు ముందు ధాన్యం బండ్లు బారులు తీరతాయి. సీజను అయిపోయాక కాటా దగ్గర గుమస్తా ఈగలు తోలుకుంటూ కూర్చుంటాడు.

పిల్లలు బడికి రాకపోతే మన ఫోన్‌కి మెసేజ్ వస్తుంది కదా, అలాగే తూకం వేయగానే రైతుకు మెసేజ్ వెళ్లేలా యాప్ చేసిపెట్టమన్నారు. నేను సూర్యాపేటలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. రెండు సీజన్ల పనికి ఏడాదంతా సర్వర్ అద్దె కట్టడం దండగని సర్వర్‌లెస్ పద్ధతి ఎంచుకున్నాను. సర్వర్ ఉండదని కాదు, దాని ఆలనాపాలనా మనకు ఉండదు. గుమస్తా తూకం నమోదు చేయగానే కోడు నిద్రలేచి, బరువును రైతు ఖాతాలో కలిపి, మెసేజ్ పంపి, మళ్లీ పడుకుంటుంది. నడిచినంతసేపటికే బిల్లు. 2014లో అమెజాన్ 'లాంబ్డా' తెచ్చాక ఈ పద్ధతి బాగా పాకింది.

మొన్న యాసంగిలో కోదాడ వైపు రైతు ఒకాయన మామయ్యకు ఫోన్ చూపించాడట. "సేటూ, నేను తెచ్చింది ఒక్క లోడే. మెసేజ్‌లు రెండొచ్చినయ్. ఖాతాల రెండు పడ్డయేమో చూడుండ్రి."

నిజంగానే రెండు పడ్డాయి. ఆయన చెప్పకపోతే రెండింటికీ డబ్బులు వెళ్లేవి. ఆ రాత్రంతా కాటా చీటీలు ముందేసుకుని సీజను లెక్కలన్నీ సరిచూశాను. ఇలాంటివే మరో మూడు దొరికాయి.

తప్పు నాదే. ఇలాంటి సేవల్లో కబురు కనీసం ఒకసారి అందుతుందనే హామీ ఉంటుంది, ఒక్కసారే అందుతుందని కాదు. అందిందో లేదో తేలకపోతే మళ్లీ పంపుతాయి. ఆ మాట చదివి కూడా, మన చిన్న మిల్లుకు అంత వస్తుందా అనుకున్నాను.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పక్కనే కూర్చుని అంతా విని, "హాజరు పిలిచేటప్పుడు ఒకడే రెండుసార్లు ప్రెజెంట్ సార్ అంటే, సార్ ఇద్దరని రాసుకోరు కదా నాన్నా?" అంది. నేను రాయాల్సిన కోడు అంతే. ఇప్పుడు ముందు చీటీ నంబరు చూస్తుంది. అది అప్పటికే ఖాతాలోకి ఎక్కి ఉంటే బరువు కలపదు. నంబరు రాయడమూ బరువు కలపడమూ ఒకే దెబ్బకు జరగాలి, లేకపోతే మధ్యలో ఆగిపోయి కొత్త తంటా వస్తుంది. దీనికి ఇంకో రాత్రి పట్టింది.

మామయ్య మాత్రం కాటా దగ్గర కాగితం పుస్తకం తీయనివ్వలేదు. "వానాకాలం కోతలు కూడా చూద్దాం అల్లుడూ" అన్నారు. సరేనన్నాను.