పరిచర్య

తెలుగు క్రైస్తవ సంఘాల వాడుకలో ఉన్న మాటలలో నాకు మిక్కిలి ఇష్టమైనది 'పరిచర్య'. పరి అనగా చుట్టూ, చర్య అనగా మెలగడం. అవసరంలో ఉన్నవారి చుట్టూ తిరుగుతూ, వారిని కనిపెట్టుకొని ఉండడమే పరిచర్య. తెలుగు పండితుడిగా ముప్ఫై రెండేళ్ళ పాటు ఈ వ్యుత్పత్తిని పిల్లలకు చెప్పాను. దాని రుచి తెలిసింది మాత్రం పదవీ విరమణ తరువాత, 2023 మే నెలలో, డోర్నకల్ ప్రాంతంలో జరిగిన ఒక యువజన శిబిరంలో.

అంతకు రెండేళ్ళ ముందు నా అర్ధాంగి కాలం చేసింది. ఆదివారపు ఆరాధన నేను మానలేదు. కీర్తనలు పాడుతూనే ఉన్నాను. అయితే ప్రార్థనకు కూర్చుంటే మాటలు దొర్లేవే గాని ఊపిరి ఆడేది కాదు. అటువంటి రోజులలో నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేసి, "సార్, శిబిరం పెడుతున్నం. పిల్లలకు పాత కీర్తనలు నేర్పుటానికి మీరు రావాలె" అన్నాడు. వెళ్ళాను.

వేసవి సెలవులలో ఖాళీగా ఉన్న బడి భవనమే శిబిరం. ఐదు రోజులు, ఎనభై మందికి పైగా యౌవనస్థులు. కీర్తనలకు ఉదయం ఒక గంట కేటాయించారు. మిగిలిన పొద్దంతా ఎవరికి తోచిన పని వారు అందుకోవడమే. నాకు నీళ్ళ బకెట్టు దక్కింది. పంక్తిలో పప్పుచారు వడ్డించేవాడి వెనుక చెంబుతో నడవడం నా వంతు. జీవితమంతా బల్ల ముందు నిలబడి చెప్పినవాడికి, వంగి ఒక్కొక్క ముఖాన్నీ దగ్గరగా చూడడం కొత్త అనుభవం.

పిల్లలలో చాలామంది తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాలలో ఫోను మీద చూసి పాడేవారు. వారి చేతికి 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఇచ్చాను. పాట తలపై రాగం, తాళం అచ్చువేసి ఉండడం చూసి ఆశ్చర్యపోయారు. ఆది తాళం వేయించాను: ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఆపై దెబ్బ, విసురు, మళ్ళీ దెబ్బ, విసురు, మొత్తం ఎనిమిది. ఇంటి భాష తెలుగు కాని బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో బాప్తిస్మం పొంది, తెలుగులో ఇన్ని కీర్తనలు రచించారని చెబితే, "మన భాష కాకున్నా ఇంత మంచిగ ఎట్ల రాసిండు సార్?" అని ఒక అమ్మాయి అడిగింది.

మూడవ నాడు అందరం డోర్నకల్ దేవాలయానికి వెళ్ళాం. 1939లో ప్రతిష్ఠించిన ఆ కట్టడంలో మన గుడి మండపాల స్తంభాలూ, మసీదును తలపించే గుమ్మటాలూ ఒక్క కప్పు కింద ఒదిగి ఉంటాయి. దానిని కట్టించిన అజరయ్య గారు తిరునల్వేలి సీమ నుంచి 1909లో ఇక్కడికి వచ్చిన తమిళుడు. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయ్యారు. ముప్ఫై అయిదేళ్ళ వయసులో పరాయి నేలకు వచ్చి, తెలుగు నేర్చుకొని, పల్లె జనం మధ్య మెలిగారు. ఆ అమ్మాయి ప్రశ్నకు నాకు అక్కడే సమాధానం దొరికింది. ఎవరి నడుమ తిరుగుతామో వారి భాష మనదవుతుంది.

ఆ రాత్రి కుండ దగ్గర ఒక పిల్లవాడు ఒంటరిగా కూర్చొని ఉన్నాడు. ఇంటర్మీడియెట్ గణితంలో తప్పాడు. జూన్‌లో మళ్ళీ పరీక్ష. "ఊపిరాడ్తలేదు సార్" అన్నాడు. నీళ్ళిచ్చి, లేవదీసి, మైదానం చుట్టూ నడిపించాను. ఉపదేశమేమీ చేయలేదు. నాలుగవ చుట్టులో వాడే అడిగాడు, "మీరు ఒక్కరే ఉంటరట గదా సార్, మీకు భయం కాదా?"

"అయితది" అన్నాను.

వాడు నా చేయి పట్టుకున్నాడు. వాడి కోసం ప్రార్థించాను. రెండేళ్ళ తరువాత మొదటిసారిగా ప్రార్థన నడుమ నాకు ఊపిరి ఆడింది. 'విశ్వాసం'లో ఉన్నది శ్వస్ ధాతువు; ఊపిరి పీల్చడమని దాని అర్థం. నిబ్బరంగా ఊపిరి పీల్చుకోగలగడమే విశ్వాసమని వ్యాకరణం ఎప్పుడో చెప్పింది. అది నాకు ఆ చీకటిలో, ఆ పిల్లవాడి చేయి పట్టుకొని ఉండగా అందింది.

వాడు జూన్‌లో కూడా తప్పాడు. మరుసటి ఏడు గట్టెక్కాడు. రెండుసార్లూ మొదటి ఫోను నాకే చేశాడు. ఇప్పుడు శనివారం సాయంత్రాలు మా గుడి వరండాలో పది పన్నెండు మంది పిల్లలకు కీర్తనలూ, వాటితో పాటు తెలుగు చదవడమూ నేర్పుతున్నాను. ఇంట్లో మాట్లాడేవారు లేకపోవడం మారలేదు. మరునాటికి చేయవలసిన పని మాత్రం ఉంటున్నది.

చదువరులలో ఏ మతంవారైనా, ఏ మతమూ లేనివారైనా, ఈ వేసవిలో ఎక్కడైనా పిల్లల పంక్తిలో ఒక పూట నీళ్ళు పోసి చూడండి. పెద్దలకు అంతకంటె చెప్పగలవాడను కాను.