తలాంతుల లెక్క

పటాన్‌చెరువు దాటి సంగారెడ్డి దిక్కుగా సాగు రహదారిపై తెల్లవారుజామున ప్రయాణము చేయువానికి ముందుగా కానవచ్చునవి పొలములు గావు. రాత్రి షిఫ్టు దిగి నిద్రమొగములతో ఇండ్లకు మరలు కార్మికులును, టిఫిను డబ్బాలు చేతబట్టి కంపెనీ బస్సులకై కాచుకొనియున్న కార్మికులును. 1960వ దశకమున రామచంద్రాపురమున బీహెచ్‌ఈఎల్ వెలసిన పిదప మందుల ఫ్యాక్టరీలును, రసాయనముల ఫ్యాక్టరీలును, ఇనుపపని షెడ్లును ఈ దారిపొడవునను లేచినవి. 1972లో నెలకొన్న ఇక్రిశాట్ కంచెలోపల జొన్నయు, సజ్జయు, కందియు నేటికిని శ్రద్ధాదరములతో పెరుగుచుండగా, ఆ కంచె వెలుపల, మెతుకుసీమ యని అన్నముపేరనే పిలువబడిన ఈ గడ్డమీద, సేద్య మెరుగని పిల్లల తరమొకటి పెరుగుచున్నది. అట్టి పిల్లలు చదువుకొను క్రైస్తవ ఉన్నత పాఠశాల యొకదానిలో కోత పండుగ జరుగునని విని, పొలము లేనిచోట కోత యెట్టిదో చూడగోరి, నవంబరు నెలలో ఒక శనివారము నేనటకు వెళ్ళితిని.

బడి పెద్దది గాదు. పేరు వ్రాయనక్కరలేదని ప్రధానోపాధ్యాయిని కోరినందున వ్రాయుట లేదు. పిల్లలలో సగముమంది ఈ జిల్లావారు. తక్కినవారు బీహారునుండియు, ఒడిశానుండియు పనికై వచ్చినవారి బిడ్డలు. మతమునుబట్టి చూచినచో క్రైస్తవులు కొలదిమందియే. ఇతరమతముల పిల్లల ప్రార్థన మాటేమని నేనడుగగా ఆమె ఫారముల కట్టను నా ముందుంచినది. తల్లిదండ్రుల సమ్మతి లేనిదే ఏ విద్యార్థియు మతబోధలో పాల్గొననక్కరలేదని రాజ్యాంగము 28వ అధికరణమున శాసించుచున్నది. అట్లు సమ్మతింపనివారి పిల్లలు ఆ అరగంటసేపు గ్రంథాలయమున కథల పుస్తకములు చదువుకొందురు. ‘మేము నమ్మినది దాచుకోం సార్, కాని ఎవరి మీదా రుద్దం’ అని ఆమె పలికిన మాటలో వినయ మెంతయో దార్ఢ్యమును అంతే యున్నది.

వరండాలో పాట సాగుచుండెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున కీర్తనలకు రాగతాళములు గూడ ముద్రించియుందురు. ఆ తాళమును తొడపై తప్పక వేయుచు ముందువరుసలో కూర్చున్న బాలుడు రెండేండ్లక్రిందట ఈ బడికి వచ్చునాటికి తెలుగున ఒక్కమాటయు నెరుగడట. భాషకంటె ముందుగా తాళము వానికి పట్టుబడినది. తాళము వెంబడి పాటయు, పాట వెంబడి తోడివారును దొరికిరి.

నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది మరియొకటి. మత్తయి సువార్త 25వ అధ్యాయమునందు యజమానుడు దేశాంతరము పోవుచు దాసులకు తలాంతులు అను ధనమును అప్పగించిన ఉపమానము కలదు. దాని ననుసరించి ఈ బడిలో జూన్ నెలలో ప్రతి తరగతికిని నూరు రూపాయలిచ్చి, కోత పండుగనాటికి లెక్క చెప్పుడని కోరుదురు. ఏమి చేయవలెనో ఎవరును చెప్పరు. తొమ్మిదవ తరగతివారు చిక్కుడు, బీర విత్తనములు కొని గోడవెంబడి పందిరి వేసిరి. నక్కవాగు మొదలగు ఈ ప్రాంతపు ప్రవాహములలో ఫ్యాక్టరీల వ్యర్థజలములు కలియుటను గూర్చి 1990లోనే సుప్రీంకోర్టున వ్యాజ్యము నడిచిన చోటు గనుక, బోరునీటిని నమ్మక, కప్పుమీది వాననీటిని డ్రమ్ములలో పట్టి, భోజనశాలలో బియ్యము కడిగిన నీటిని దానికి చేర్చి, ఆ పాదులను బ్రతికించుకొనిరి. ఎనిమిదవ తరగతివారు పచ్చి మక్కకంకులు కొని, ఆటలపోటీలనాడు కాల్చి అమ్మదలచిరి. ఆనాడు ఎడతెగని వాన కురిసినది, కంకులు పాడైనవి, నూరు రూపాయలును పోయినవి.

‘వారి నేమి చేసితిరి?’ అని ప్రధానోపాధ్యాయిని నడిగితిని. ‘ఇంకో వంద ఇచ్చినం’ అనెను ఆమె. ఆ ఉపమానమున దండింపబడినవాడు తలాంతును భూమిలో పాతిపెట్టినవాడు. వ్యాపారము చేసి పోగొట్టుకొన్నవాడు ఆ కథలో ఎక్కడను కానరాడు. ఇన్నేండ్లుగా ఆ అధ్యాయమును చదివియు నేనిది గమనింపలేదు. దేవునియందలి నమ్మకమును బోధించు బడులు పెక్కు గలవు గాని, పిల్లలయందు నమ్మకముంచి సొమ్మును, సామానుగది తాళపుచెవిని, లెక్కపుస్తకమును వారి చేతికిచ్చు బడిని నేను చూచుట అరుదు. ఈ రెండు నమ్మకములును వేరువేరు గావనియే ఇక్కడివారి నడవడి నాకు తోపించినది.

చిక్కుడు పందిరి గోడకు ఆవలిప్రక్క, క్రొత్త తరగతిగది వెలుపల, వంకరటింకర అక్షరములతో పదకొండు పేర్లు రంగుతో వ్రాసియున్నవి. ఆ పేర్ల కథ పిల్లలు మెదక్ చర్చిని చూడబోయిననాడు పుట్టినదట. మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొర 1914లో ఆరంభింపగా, పదేండ్లపాటు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మందిరపు గోపురము ఎత్తు నూటడెబ్బది అడుగులకు పైన. కరవుకాలమున ఆకలిగొన్న పల్లెజనులకు పని కల్పించి తిండిపెట్టుటకై ఆ పని తలపెట్టబడినదని ఈ సీమలో అందరు నెరుగుదురు. పిల్లలందరు రంగుటద్దముల కిటికీలవైపు చూచుచుండగా, రాడ్డు ఫ్యాక్టరీ కార్మికుని కొడుకొకడు మాత్రము పైకప్పు వంక చూచి, ‘మేడమ్, గా రాళ్ళు మోసినోళ్ళకు కూలి ఎంతిచ్చిండ్రు?’ అని అడిగెనట. ‘అన్నం పెట్టిండ్రు బిడ్డా, కరువు కదా’ అని ప్రధానోపాధ్యాయిని చెప్పగా, ‘మరి మన కొత్తగది కట్టినోళ్ళ పేర్లు ఎవరికన్న ఎరుకేనా?’ అని మరల అడిగెనట. తిరిగివచ్చిన మరునాడే పిల్లలు మేస్త్రీని వెదకి పట్టుకొని, కూలీల పేర్లన్నియు అడిగి తెలిసికొని, గోడపై వ్రాసిరి. వారిలో నలుగురు స్త్రీలు.

పదిగంటలకు ఆరాధన ముగిసి వేలము మొదలాయెను. పల్లెలలో కోత పండుగకు తొలిపంట ధాన్యమును, గుమ్మడికాయలను, కోళ్ళను తెచ్చి మందిరమున అర్పించి, పిదప వేలము వేయుదురు. ఇచ్చట బల్లపై నున్నవి చిక్కుడుకాయలు, నాలుగు బీరకాయలు, ఏడవ తరగతివారు అల్లిన ఊలు టోపీలు, కాగితపు కవర్లు. ఫ్యాక్టరీలో చేతికి దెబ్బతగిలి పని మానిన తండ్రి యొకని కూతురు బడికి రాలేకపోవుచున్నదట; ఆమె బస్సుపాసునకు వేలపు సొమ్మును వాడవలెనని పిల్లలే తీర్మానించుకొనిరి. చిక్కుడుకాయలకు కాపలాదారు తాత నలువది రూపాయలు పాడగా, ఒకరు నలుబదియైదనిరి; తాత పట్టువిడువక ఏబది యని గెలిచెను.

కడపట ఎనిమిదవ తరగతి నాయకురాలు లెక్కపుస్తకము తెరచి లేచి నిలువబడినది. ‘మొదటి వంద మక్కకంకులల్ల పోయింది. రెండో వందతోని కవర్లు చేసి మందుల దుకాణాలకు అమ్మితే నూటపన్నెండు వచ్చినయి. ఇంకా ఎనభై ఎనిమిది బాకీ.’ బాకీ యేమియు లేదని ప్రధానోపాధ్యాయిని నవ్వుచు చెప్పెను. ఆ బాలిక తల అడ్డముగా ఊపి, ఎర్రసిరాతో వ్రాసిన అంకెను కొట్టివేయక అట్లే యుంచినది. నేను బల్లమీద మిగిలిన కవర్ల కట్టయొకటి తీసికొని వెల యడుగగా, ‘అయిదు రూపాయలు సార్’ అని, నాణెమును డబ్బాలో వేసి, కలము మూత తీసి, ‘ఇగ ఎనభై మూడు’ అని వ్రాసికొన్నది.