కప్పల కచేరీ

పనామా కాలువ పేరు వినని వారుండరు. ఆ కాలువ పక్కనే, అడవి అంచున గంబోవా అనే చిన్న వూరు వుంది. అందరూ అక్కడ ఓడలు చూస్తారు. నేను కప్పలు చూడబోయాను. వానాకాలం. రాత్రి ఎనిమిది దాటాక, దారి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, టార్చిలైటుతో బయలుదేరాను.

ముందుగా ఒక చెరువు. నీటిపైకి వంగిన ఆకుకు జిగురుముద్దలా కప్పగుడ్లు అంటుకుని వున్నాయి. ఎర్రకళ్ల చెట్టుకప్పవి. పిల్లికళ్ల పాము ఒకటి జారివచ్చి ఆ జిగురులో మూతి పెట్టింది. అంతే! మిగిలిన గుడ్లు చిట్లి, తోకకప్పలు టపటపా నీళ్లలో రాలాయి. మామూలుగా గుడ్డు పగలడానికి వారం పడుతుంది. పాము మీద పడితే నాలుగైదు రోజులకే దూకేస్తాయని కారెన్ వార్కెంటిన్ అనే శాస్త్రజ్ఞురాలు 1995లో వెల్లడించింది. వానచినుకుల అదురుకు మాత్రం కదలవు. ఆ అదురు వేరు, పాము అదురు వేరు! నీళ్లలో చేపలు కాచుకునే వుంటాయి. అయినా దూకక తప్పదు.

అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే దారి పక్క వాననీటి గుంట. అందులో టుంగరా కప్పల కచేరీ. అంగుళం పైచిలుకు ప్రాణి. గొంతు బుడగలా ఉబ్బించి, సన్నని కూత తీసి, చివర "టక్" మని ఓ విరుపు విరుస్తుంది. ఆడకప్పకు ఆ విరుపంటే మోజు. చిక్కేమంటే, పెదవుల చుట్టూ బుడిపెలున్న గబ్బిలానికీ అదే మోజు! పాట విని వచ్చి గాయకుణ్ణే ఎత్తుకుపోతుంది. మెర్లిన్ టటిల్, మైకేల్ రయన్ 1981లో ఈ గుట్టు బయటపెట్టారు.

చూస్తూ వుండగానే నెత్తిమీద నల్లని నీడ కదిలింది. కచేరీ ఠక్కున ఆగిపోయింది.

"నోరు మూసినంత మాత్రాన దక్కదండీ. నీళ్లు చూడండి" అన్నాడు నా తోటి మనిషి.

పాటకు లేచిన అలలు ఇంకా సాగుతూనే వున్నాయి. గబ్బిలం తన కూత ప్రతిధ్వనితో ఆ అలల జాడ కూడా పసిగడుతుందని 2014లో తేలింది.

నోరా, వీపుకు దెబ్బలు తేకే అని మన సామెత. కాని నోరు విప్పని కప్పకు ప్రాణం మిగలవచ్చు గాని, సంతానం మిగలదు. నిమిషమైనా గడవలేదు, గుంటలో ఎక్కడో ఒక కప్ప గొంతు సవరించింది. విరుపు లేకుండా, ఉత్త కూతే. రెండోది అందుకుంది. మూడోది ధైర్యం చేసి "టక్" మంది.