కరెంటు, బొగ్గు, మా బాపు నిద్ర

మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర ఓ వాదన నడిచింది. మా టీమ్‌లో ఒకతను ఇంటి మీద సోలార్ పెట్టిద్దామని కొటేషన్ తెప్పించుకున్నాడు. అది చూసిన ఇంకొకాయన, "ప్యానెల్ ఎఫిషియెన్సీ చూశావా, 22 శాతం! అంటే 78 శాతం వేస్టే కదా. దీనికంటే మన బొగ్గు కరెంటే నయం, కనీసం 35 శాతం ఉంటుంది" అనేశాడు. అంకెలు రెండూ కరెక్టే. 35 అనేది 22 కంటే పెద్దదన్నదీ కరెక్టే. అయినా ఎక్కడో తేడా కొడుతోంది. అప్పటికప్పుడు నాకు జవాబు తట్టలేదు (నాకెప్పుడూ అంతే, చేతులు కడుక్కున్నాక తడుతుంది). అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

ముందు బొగ్గు సంగతి చూద్దాం. మాది రామగుండం దగ్గర ఓ పల్లెటూరు. మా డాబా ఎక్కితే ఎన్టీపీసీ పొగగొట్టాలు కనిపిస్తాయి. పగలు పొగ, రాత్రి వాటి మీద ఎర్ర లైట్లు. 1983లో మొదటి యూనిట్ మొదలైంది. 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, వెరసి 2600 మెగావాట్లు. పక్కనే సింగరేణి బొగ్గు, పక్కనే గోదావరి నీళ్ళు. అక్కడ పుట్టిన కరెంటు మన దగ్గరే కాదు, కర్ణాటక, తమిళనాడు, కేరళల దాకా పోతుంది.

మన బిల్లులో కనిపించే ఒక యూనిట్ అంటే 860 కిలో కేలరీల శక్తి. ఆ ఒక్క యూనిట్ తీయాలంటే ఇలాంటి ప్లాంట్లలో సుమారు 2400 కిలో కేలరీల వేడి పుట్టించాలి. భాగించి చూడండి, 35, 36 శాతం వస్తుంది. మిగతా వేడిలో కొంత పొగతో పాటు ఆకాశంలోకి పోతుంది. ఎక్కువ భాగం మాత్రం టర్బైన్ తిప్పేసిన ఆవిరిని మళ్ళీ నీళ్ళుగా మార్చే దగ్గర, చల్లబరిచే నీళ్ళలో కలిసిపోతుంది.

ఇదేదో మన ఇంజనీర్ల చేతకానితనం అనుకోకండి. ఏ వేడి యంత్రమైనా సరే, దానికి అందే వేడికీ అది వదిలే వేడికీ ఉన్న తేడాని బట్టి ఒక హద్దు ఉంటుందని 1824లోనే సాదీ కార్నో అనే ఫ్రెంచి ఇంజనీరు తేల్చేశాడు. 540 డిగ్రీల ఆవిరితో మొదలుపెట్టి 40 డిగ్రీల దగ్గర ముగిస్తే, కాగితం మీదే గరిష్ఠం 61 శాతం. నిజం బాయిలర్లో, నిజం టర్బైన్లో అందులో సగం పైచిలుకు దక్కుతుంది. కొత్తగా కడుతున్న 800 మెగావాట్ల యూనిట్లు ఇంకో మూడు నాలుగు శాతం నయం, అంతే. మనం రాత్రంతా కూర్చుని క్వెరీ ట్యూన్ చేసి పది సెకన్లని ఒక సెకను చేసినట్టు దీన్ని చేయలేం.

సరే, కథ అక్కడితో ఆగదు. బొగ్గులో 100 పాళ్ళ శక్తి ఉందనుకుందాం. కరెంటుగా మారింది 35 పాళ్ళు. అందులో బొగ్గుని పిండి చేసే మిల్లులకీ, ఫ్యాన్లకీ, పంపులకీ ప్లాంటే కొంత వాడుకుంటుంది. గేటు దాటేసరికి 33. ఆ తర్వాత లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, కొక్కేలు తగిలించేవాళ్ళు... అన్నీ కలిపి దేశం మొత్తమ్మీద ఆరో వంతు దాకా దారిలోనే పోతుంది. చేను దగ్గరికొచ్చేది 28. అక్కడ మన రైతు దగ్గరుండేది ఏళ్ళ తరబడి వాడిన మోటారు, నాలుగైదు సార్లు కాలిపోయి వైండింగ్ చేయించింది. పాత పంపుసెట్లు నిజంగా నీళ్ళు పైకి తోడటానికి వాడేది తమకందిన కరెంటులో 25, 30 శాతమే. అంటే చివరికి నీళ్ళని పైకి లేపింది 8 పాళ్ళు. గనిలోంచి వంద బస్తాల బొగ్గు తవ్వితే, 92 బస్తాలు ఏ పనీ చేయకుండానే కాలిపోయాయన్నమాట!

ఇదే గొలుసుని వెనక నుంచి చూస్తే ఓ మంచి సంగతి కూడా ఉంది. చివర ఒక పాలు మిగిలిస్తే మొదట్లో మూడున్నర పాళ్ళ బొగ్గు మిగులుతుంది. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్ల పైచిలుకు ఎల్‌ఈడీ బల్బులు పంచారు. 60 వాట్ల బల్బు పోయి 9 వాట్ల బల్బు వచ్చింది. మన ఇంట్లో తగ్గింది 51 వాట్లే, కానీ బాయిలర్లో తగ్గింది దానికి మూడింతల పైనే.

ఇక మావాడి 22 శాతం సంగతికొస్తే, బొగ్గు దగ్గర పోయిన 65 శాతం ఊరికే పోలేదు. దాన్ని తవ్వాం, రైలెక్కించాం, డబ్బులిచ్చి కొన్నాం, కాల్చాం. రామగుండం ఫుల్ లోడ్ మీద నడిస్తే రోజుకి 40 వేల టన్నుల దాకా బొగ్గు కావాలి. అందులో పది వేల టన్నుల పైన బూడిదే మిగులుతుంది. వాడుకున్న యూనిట్‌కీ వాడుకోని వేడికీ కలిపే మనం బిల్లు కడుతున్నాం. ప్యానెల్ మీద పడి కరెంటు కాకుండా పోయిన 78 శాతం ఎండ మాత్రం, ప్యానెల్ లేకపోతే మీ డాబా మీద పడి డాబాని కాల్చేది. దానికి ఎవరూ బిల్లు వేయలేదు. ప్యానెల్ ఎఫిషియెన్సీ అంటే ఎంత స్థలం కావాలన్న ప్రశ్న. బొగ్గు ఎఫిషియెన్సీ అంటే ఎంత తగలెయ్యాలన్న ప్రశ్న. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం కిలోల్నీ కిలోమీటర్లనీ పోల్చడమే.

పైగా వంద పాళ్ళ బొగ్గు మానేయాలంటే వంద పాళ్ళ సోలార్ అక్కర్లేదు. అందులోంచి వచ్చిన 35 పాళ్ళ కరెంటు ఇస్తే చాలు. "ఇంత శక్తి ఎండ నుంచి ఎక్కడొస్తుందండీ" అని గుండెలు బాదుకునేవాళ్ళు చాలామంది ఈ తీసివేత మర్చిపోతారు.

లంచ్ టేబుల్ వరకైతే జవాబు ఇక్కడితో అయిపోవాలి. కానీ అసలు వృథా ఇంకొకటి ఉంది. అది ఏ ఎఫిషియెన్సీ పట్టికలోనూ ఉండదు. దానికోసం మా ఊరికి వెళ్ళాలి.

నా చిన్నప్పుడు పొలాలకి త్రీ ఫేజ్ కరెంటు వంతుల వారీగా వచ్చేది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి అంటే పదకొండుకో, రెండుకో. మా బాపు మంచం పక్కనే టార్చిలైటు పెట్టుకుని పడుకునేవాడు. కరెంటు వచ్చిందని తెలియగానే లేచి "మోటరు పెట్టొస్త, తలుపేస్కో" అని అమ్మకి చెప్పి బాయి కాడికి పోయేవాడు. మధ్యలో పోయి మళ్ళీ వస్తే మళ్ళీ పోయేవాడు. అమ్మ తలుపైతే వేసేది గానీ ఆయన వచ్చేదాకా పడుకునేది కాదు. పామో, తేలో, స్టార్టర్ డబ్బాలో తెగిన వైరో, ఏదుందో ఎవరికి తెలుసు?

1998 వానాకాలంలో మా పక్క చేను కాక అలాగే రాత్రి మోటారు పెట్టబోయి మళ్ళీ ఇంటికి రాలేదు. తెల్లారి చూస్తే స్టార్టర్ డబ్బా పక్కనే పడి ఉన్నాడు. తడి చేతులు. నేనప్పుడు పదో తరగతి. పొగగొట్టాలు కనిపించేంత దగ్గరున్న ఊరికి పగలు కరెంటు ఎందుకివ్వరు అని మా సైన్స్ సారుని అడిగాను. ఆయన నా భుజం తట్టి ఊరుకున్నాడు.

జవాబు నాకు సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాక అర్థమైంది. పగలు యూజర్లు ఎక్కువ, సర్వర్ బిజీ. రాత్రి ఖాళీ. అందుకని రిపోర్టులు, బ్యాకప్పులు, అర్జెంటు కాని పనులన్నీ రాత్రి రెండింటికి షెడ్యూల్ చేస్తాం. కరెంటూ అంతే. థర్మల్ యూనిట్‌ని ఫ్యాన్ ఆపినట్టు ఆపలేం. చల్లారితే మళ్ళీ వేడెక్కించి లైన్లోకి తేవడానికి గంటలు పడుతుంది, దానికీ ఇంధనం ఖర్చే. పగలు పట్నాలకీ ఫ్యాక్టరీలకీ కరెంటు చాలదు. అర్ధరాత్రి ఊళ్ళు పడుకున్నాక వాడేవాళ్ళుండరు. కానీ గ్రిడ్‌లో పుట్టిన కరెంటుని పుట్టిన క్షణంలోనే ఎవరో ఒకరు వాడాలి. సబ్‌స్టేషన్‌లో ఒక స్విచ్ వేస్తే మొదలై, తీస్తే ఆగే లోడు ఎవరిదయ్యా అంటే రైతుది. అంటే, మా బాపు ఒక బ్యాచ్ జాబ్ అన్నమాట!

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. కంట్రోల్ రూములో కూర్చున్న ఇంజనీరు వైపు నుంచి చూస్తే అది ఎఫిషియెన్సీయే. వృథా కాబోయే కరెంటుని వాడించాడు. కాకపోతే ఆ వృథా మాయం కాలేదు, ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మారింది. పవర్ ప్లాంటు రికార్డులో ఉండాల్సింది మా బాపు నిద్రలోకి, మా అమ్మ భయంలోకి వచ్చింది. అక్కడ మీటర్ ఉండదు కాబట్టి ఎవరూ లెక్క రాయలేదు.

ఇప్పుడు సోలార్ వచ్చి ఈ షెడ్యూల్‌ని తిరగేసింది. ఇప్పుడు మిట్ట మధ్యాహ్నం కరెంటు మిగులుతోంది, సాయంత్రం ఏడింటికి కొరత. మిగిలినప్పుడే పొలాలకి ఇవ్వాలనే పాత సూత్రం ప్రకారమే పొలం కరెంటు పగటికి వస్తుంది. మహారాష్ట్ర 2017లో సరిగ్గా ఇందుకోసమే వ్యవసాయ ఫీడర్లకి సోలార్ పెట్టే పథకం మొదలుపెట్టింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి పొలాలకి 24 గంటల కరెంటు వచ్చింది. ఏమాటకామాటే, దానికి సోలార్ ఒక్కటే కారణం కాదు, కొత్త థర్మల్ యూనిట్లు, కొత్త లైన్లు, బయట కొనుగోళ్ళు అన్నీ ఉన్నాయి. కానీ పగలు మోటార్లన్నీ తిరిగినా గ్రిడ్ తట్టుకోవడానికి నెత్తి మీద ఎండ చేసే సాయం చిన్నది కాదు. రైతు మీద జాలితో జరగనిది సూర్యుడి టైమ్‌టేబుల్ వల్ల జరుగుతోంది.

అలాగని సోలార్ వస్తే వృథా పోతుందని నేననడం లేదు. దాని వృథాలు దానికున్నాయి. 2022లో రామగుండం రిజర్వాయర్ మీద 500 ఎకరాల్లో 100 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ రాత్రి, మబ్బు అన్నీ తీసేస్తే ఏడాది సగటు 20, 25 మెగావాట్లకి మించదు. పక్కనున్న 2600 మెగావాట్ల ముందు దిష్టిచుక్కంత. 2025 జూన్ నాటికి దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు కానివే అయ్యాయి. కానీ 2024-25లో నిజంగా పుట్టిన కరెంటులో 70 శాతం పైన బొగ్గుదే. అదే 2025లో రాజస్థాన్‌లో లైన్లు చాలక సోలార్ ప్లాంట్లని మంచి ఎండలో ఆపమన్నారు. ఇటు బొగ్గు ప్లాంట్లు పగలు తగ్గి సాయంత్రం పెరగాల్సి వస్తోంది. సగం లోడు మీద నడిచే బాయిలర్, ట్రాఫిక్‌లో ఫస్ట్ గేర్‌లో పోయే కారు లాంటిది. యూనిట్‌కి ఇంకాస్త ఎక్కువ బొగ్గు తింటుంది.

కాబట్టి ప్రశ్న మారింది. బొగ్గు కాలంలో "ఎంత కాల్చావు" అన్నది ప్రశ్న. ఎండ కాలంలో "ఎప్పుడు వాడావు" అన్నది ప్రశ్న. దీనికి జవాబులు కొన్ని మన దగ్గరే ఉన్నాయి. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమ గట్టున వెనక్కి తిరిగే టర్బైన్లున్నాయి. కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదలొచ్చు. వంద యూనిట్లు పెట్టి తోడితే 75, 80 తిరిగొస్తాయి. బ్యాటరీలకి ఇంకాస్త నయం గానీ ఖర్చు వేరు. అన్నిటికంటే చవకైన నిల్వ మాత్రం, కరెంటు ఉన్నప్పుడే పని చేసుకోవడం. మధ్యాహ్నం తోడి మడిలో పెట్టిన నీళ్ళు సాయంత్రం మళ్ళీ తోడక్కర్లేదు. మన ఇళ్ళలో వాషింగ్ మెషీను, ఓవర్‌హెడ్ ట్యాంకు మోటారు, ఆఫీసు పార్కింగ్‌లో ఎలక్ట్రిక్ కారు ఛార్జింగు, ఇవన్నీ కూడా అంతే. ఎండ ఉన్న గంటల్లో కరెంటు రేటు తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉండాలని 2023లో కేంద్రం నిబంధనలు కూడా తెచ్చింది, వ్యవసాయాన్ని మినహాయించి. ఈసారి బ్యాచ్ జాబ్ అవ్వాల్సిన వంతు మనది. మన నిద్ర కూడా పోదు కదా :)

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ లెక్కలన్నీ నెత్తికెక్కి ఉండటంతో, "బాపూ, ఈ మోటారు తీసేద్దాం, ఫైవ్ స్టార్‌ది కొనిస్తా, కరెంటు సగం కలిసొస్తుంది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "కరెంటుకు పైసలే లేవు గదరా, ఎవనికి కలిసొస్తది? గీ మోటరుకేమైంది?"

2004 నుంచీ పొలాలకి కరెంటు ఉచితం. ఆయన ఖాతాలో లేని వృథా ఆయనకెలా కనిపిస్తుంది? తప్పు పట్టలేకపోయాను. ఆయన ఖాతాలో నిజంగా ఉన్న వృథాని మేమెవరం చూడలేదు మరి. బొగ్గు లెక్కలు చెప్పబోతుంటే ఆయనే అన్నాడు: "నువ్వు కొంటే కొను, వద్దన. గని ఇప్పుడు తెల్లారినంక శాయ తాగి పోయి మోటరు పెడుతున్న. ఇగ నాకు గంతకంటె ఏం గావాలె?"

మోటారుకి ఆర్డరిచ్చాను. లంచ్ టేబుల్ దగ్గర ఈసారి ఎవరైనా ఎఫిషియెన్సీ శాతం చెబితే, మొదట అడగాల్సిన ప్రశ్న కూడా దొరికింది. పోయింది ఎంతో తర్వాత చూద్దాం, అది ఎవరి ఖాతాలో పోయిందో ముందు చెప్పండి.