మౌలాలి కొండ

నారపల్లి నుండి పడమరగా, వరంగల్ రహదారి వెంబడి పీర్జాదిగూడయు ఉప్పలును దాటి, నాచారము మీదుగా సాగిపోవువానికి కర్మాగారముల కప్పుల వెనుక చెట్టు చేమ లేని నున్నని మహాశిల యొకటి కనబడును. అదియే మౌలాలి కొండ. నేడు నగరము దానిని నలుదిక్కుల నుండియు చుట్టుముట్టి, రైలుపట్టాలను, లోకో షెడ్డును, అంతస్తుల మేడలను దాని ముంగిట నిలిపినది గాని, ఒకప్పుడది హైదరాబాదునకు వెలుపల, కొండ పేరే తన పేరుగా బ్రతికిన యొక పల్లె.

ఈ గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. ఎండకు, వానకు ఉల్లిపొరల వలె రేకులు రేకులుగా విడిపోవుచు గుమ్మటపు ఆకృతి దాల్చినది. ఈ పరిసరములందు నిజాము కాలపు పురావస్తు శాఖవారు త్రవ్వినపుడు ఇనుప యుగపు సమాధులు బయల్పడినవి. మన పల్లెవారు రాకాసి గుళ్లని పిలుచునట్టివి. నేడు మనమెరిగిన ఆచారములలో అనేకము ఈ నేలపై అడుగిడక మునుపే, ఈ కొండ నీడ తమ మృతులకు తగిన చోటని తలచినవారుండిరన్నమాట.

ఇక కొండకు పేరు తెచ్చిన కథ కుతుబ్‌షాహీల కాలమునాటిది. ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో, హిజరీ 986 రజబు నెల 17వ నాటి రాత్రి, అనగా క్రీ.శ. 1578లో, యాకూతు అను అంతఃపుర సేవకునికి స్వప్నమున ఆకుపచ్చ వస్త్రములు దాల్చిన పురుషుడొకడు కనబడి, మౌలా అలీ నిన్ను పిలుచుచున్నాడని చెప్పి కొండపైకి కొనిపోగా, అచ్చట ప్రవక్త ముహమ్మదు అల్లుడగు అలీ తన కుడి చేతిని ఒక రాతిపై ఆనించి కూర్చుండి యుండెనట. తెల్లవారి పోయి చూడగా రాతిపై హస్తముద్ర కనబడెనని చెప్పుదురు. అలీ సమాధి ఇరాకులోని నజఫు నగరమున నున్నది. ఇచ్చట పూజలందుకొనునది ఆ చేతి గురుతు మాత్రమే.

ఈ కథ వినునప్పుడెల్ల నాకు మా కీసరగుట్ట కథ స్ఫురించును. రావణవధానంతరము శివలింగ ప్రతిష్ఠ చేయదలచిన రాముడు హనుమంతుని కాశికి పంపెననియు, అతడు ఆలస్యము చేయగా శివుడే ప్రత్యక్షమై లింగము నొసగెననియు, వెనుక వచ్చిన హనుమంతుడు అలిగి తాను తెచ్చిన లింగములను విసిరివేసెననియు స్థలపురాణము. గుట్టపై ఆరుబయట చెల్లాచెదరుగా నున్న లింగములే దానికి సాక్ష్యమని భక్తుల విశ్వాసము. ఆ గుట్టమీదనే విష్ణుకుండినుల నాటి ఇటుక కట్టడములు త్రవ్వకములలో బయటపడినవి. ఒక కొండకు కాశి నుండి లింగములు వచ్చినవి. రెండవదానికి అరబ్బు దేశపు మహనీయుడు వచ్చెను. దూరమునందలి పవిత్రతను తమ ఊరి రాతిపైకి దింపుకొనగల ఈ ప్రజల హృదయ వైశాల్యము రెంటియందును ఒక్కటియే యని నా గట్టి నమ్మకము. ఏ కొండ ఎవరిదని వాదించువారు ఈ కథలను పక్కపక్కన పెట్టి వినినవారు కారు.

మౌలాలి కొండపైనున్న దర్గాకు మెట్లు 400కు పైబడి యున్నవి. రజబు 13 అలీ జన్మదినము. నాటి నుండి 17 వరకు జరుగు ఉర్సునకు రెండవ అసఫ్‌జా నిజాం అలీ ఖాన్ కాలమున రాజలాంఛనములు సమకూడినవి. షియాలు, సున్నీలు, చుట్టుపట్ల హిందువులు అందరును వత్తురు. తెలంగాణపు హిందూ గృహములకు దర్గా పరాయిది కాదు: మ్రొక్కు తీరిన పిమ్మట కందూరు చేయుట, పీరులకు దట్టీ కట్టుట, ఊదు వేయుట ఎరుగని పల్లె అరుదు. ఫాతిహా చదివించి పంచెడి మలీదయే సద్దుల బతుకమ్మనాడు మా ఆడపడుచుల పళ్లెములలోను ఉండును. మౌలాలి యని బిడ్డకు పేరిడుకొనిన తెలుగు కుటుంబములెన్నియో కలవు.

కొండ పాదమున నున్న మహ్‌లఖా బాయి చందా సమాధిని చూడక మరలిపోవువారిని తలచిన నాకు బాధ కలుగును. 1768లో జన్మించి, ఉర్దూలో దీవాను అను కవితా సంపుటి రచించిన తొలి కవయిత్రులలో నొకతెయై, నిజాము కొలువున గౌరవమందిన ఆ విదుషీమణి గర్భమునందుండగా తల్లికి ప్రాణాపాయము సంభవింపగా, మౌలా అలీ కొండ ప్రసాదమే తల్లీబిడ్డలను కాపాడెనని వారి కుటుంబ కథ. ఆ తల్లి పేరు రాజ్ కున్వర్ బాయి. ఆమెకు ఇచ్చట 1792లో సమాధి మందిరమును, తోటను కట్టించి, 1824లో కుమార్తెయు అందే విశ్రమించెను. చిరకాలము పాడుపడియుండిన ఆ తోటను 2010వ దశకారంభమున అమెరికా ప్రభుత్వపు విరాళముతో బాగుచేసిరి. నగరము చుట్టునున్న గుట్టలెన్నియో కంకరయై పోయిన ఈ రోజులలో ఇట్టి శ్రద్ధ ఈ కొండకంతకును లభింపవలెనని కోరుచున్నాను.

చూడ దలచినవారు ఆ తోటకు మొదట పోయి పిమ్మట మెట్లెక్కుట మేలు. వేసవియైనచో తెల్లవారుజాముననే బయలుదేరవలెను. ప్రొద్దెక్కినకొలది ఈ రాయి కాలునట్లు వేడెక్కును.